మన్నూ నిప్పూ పది వేళ్లూ

ఎండలు ముదరగానే రోడ్ల పక్కన కుండలు బారులు తీరతాయి. కొనడానికి వచ్చినవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు ముందు ధర అడగరు. కుండను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేతి వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి ఒగ్గుతారు. ఖంగుమంటే అప్పుడు ధర మాట. బొంగురుగా పలికితే కింద పెట్టేస్తారు. ఇది ఉత్త అలవాటు కాదు, పక్కా భౌతికశాస్త్రం. బాగా కాలిన గోడలో కంపనం అడ్డు లేకుండా చుట్టూ పరుగెత్తి కాసేపు మోగుతుంది. కంటికి ఆనని నెర్రె ఒక్కటున్నా దాని అంచులు రెండూ రాసుకుని ఆ కంపనాన్ని మింగేస్తాయి. సరిగా కాలని కుండలో రేణువులు గట్టిగా అతుక్కోవు కాబట్టి అక్కడా మోత లోపలే అణిగిపోతుంది.

కొనేవాళ్ల చేతికే ఇంత తెలిస్తే చేసేవాళ్ల చేతికి ఎంత తెలియాలి! ఈ మధ్య హైదరాబాద్ లాంటి నగరాల్లో మట్టిపని నేర్పే స్టూడియోలు వచ్చాయి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు సెలవు రోజున అక్కడికి వెళ్లి మోచేతుల దాకా మన్ను పూసుకుంటున్నారు. మన్ను చేతిలో ఉంటే టైము తెలియదంటారు. మనసుకు హాయిగా ఉంటుందని చెప్పి ఊరుకుంటే ఆ ఆనందాన్ని సగమే వివరించినట్టు. వేలు ఎలా కదిపితే అలా, అప్పటికప్పుడు మన్ను బదులిస్తుంది. మొహమాటానికి మంచి మాట చెప్పదు. దాని జవాబులకు కారణాలు తెలిసే కొద్దీ ఈ పనిలో ఆనందం పెరుగుతుందని నా నమ్మకం. ఆ కారణాల కోసమే ఈ వ్యాసం.

ముందు మన్ను సంగతి. బంకమన్ను ఒకప్పటి రాయే. దక్కన్‌లో ఎటు చూసినా కనిపించే గ్రానైటు గుట్టల్లో ఫెల్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. ఆ నీరు ఎన్నో వేల ఏళ్లు తగలగా తగలగా ఫెల్‌స్పార్‌లోని పొటాషియం, సోడియం కరిగి కొట్టుకుపోతాయి. మిగిలిన అల్యూమినియం, సిలికాలు నీటితో కలిసి కొత్త ఖనిజంగా మారతాయి. కయొలినైట్ అలాంటిదే. వాగులు దీన్ని మోసుకొచ్చి చెరువుల్లో వదులుతాయి. బరువైన ఇసుక ముందే దిగిపోతుంది, సన్నటి బంక నిలకడ నీటిలో మెల్లగా పేరుకుంటుంది. ఇలా ప్రకృతే జల్లెడ పట్టి పెట్టిన మన్ను కనుకనే కుమ్మరులు వేసవిలో చెరువు అడుగు నుంచి తవ్వి తెచ్చుకుంటారు.

ఇసుకను తడిపి నొక్కితే గూడు కట్టవచ్చు కానీ కుండ చేయలేం. బంకమన్నుకు మాత్రం ఆ గుణం ఎక్కడిది? రేణువుల ఆకారం నుంచి వచ్చింది. బంక రేణువు పరిమాణం సాధారణంగా 2 మైక్రాన్ల లోపు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు కన్నా తక్కువ. ఆకారం చదునైన పలక. ఒక్కో పలక చుట్టూ పలుచని నీటి పొర ఉంటుంది. రెండు గాజు పలకల్ని తడిపి ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. పక్కకు తోస్తే సులువుగా జారతాయి, పైకి లాగితే మాత్రం ఊడిరావు. మన్ను ముద్దలో జరిగేది ఇదే. వేలు నొక్కినప్పుడు కోటానుకోట్ల పలకలు జారి కొత్త చోటికి పోతాయి. వేలు తీశాక నీటి పొర వాటిని అక్కడే పట్టి ఉంచుతుంది. నీరు చాలకపోతే జారవు, ఎక్కువైతే నిలవవు. మన్నును నానబెట్టి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కి, చేత్తో పిసికి రోజుల తరబడి గోనె కప్పి ఉంచేది ప్రతి పలకకూ నీరు సమంగా అందడానికే.

అన్ని రకాల మన్నూ ఒకటి కాదు. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ తరగతి ఖనిజాలు ఎక్కువ. వీటిలో నీరు పలకల చుట్టూనే కాక పలక లోపలి పొరల నడుమకు కూడా దూరి ఉబ్బిస్తుంది. ఆరినప్పుడు ఆ నీరంతా పోయి దారుణంగా కుంచించుకుపోతుంది. వేసవిలో రేగడి చేలు బీటలు వారేది ఇందువల్లే. అలాంటి మన్నుతో నేరుగా కుండ చేస్తే ఆరేటప్పుడే పగులుతుంది. అందుకని ఇసుకో, ఎర్రమన్నో, బూడిదో, ఊకో కలిపి ఆ పొగరు తగ్గిస్తారు. ఏ చెరువు మన్నుకు ఎంత కలపాలో చెప్పే పట్టిక ఎక్కడా రాసి లేదు. గుప్పిట్లో నలిపి, చిన్న తాడు పేని, వేలికి చుట్టి చూస్తారు. చుట్టినప్పుడు తాడు మీద నెర్రెలు పడితే మన్ను ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

ఇక సారె, అంటే కుమ్మరి చక్రం, దగ్గరికి వద్దాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ తడబడేది ఒక్క చోటే: ముద్దను నడిమధ్యకు తేవడం. సారె మధ్యలో ముద్దను కొట్టి కూర్చోబెట్టి తిప్పగానే అది ఒక పక్కకు ఒరిగి తిరుగుతుంది. ప్రతి చుట్టులో ఒకసారి మీ అరచేతిని తోస్తుంది. సహజంగా చేయి వెనక్కి పోతుంది. చేయి వెనక్కి పోయిందా, ఆ వంకర అలాగే ఉండిపోతుంది. అనుభవం ఉన్న కుమ్మరిని గమనించండి. మోచేతిని తొడకో మోకాలికో ఆనించి, ఎడమ అరచేతిని పక్క నుంచి, కుడి చేతి అంచును పై నుంచి పెట్టి కదలకుండా ఉంచుతారు. బలంగా తోయరు. చేయి గాలిలో ఒక స్థానం పట్టుకుని ఉంటుంది, అంతే. ముద్దలో ఎక్కువగా పొడుచుకొచ్చిన వైపు ప్రతి చుట్టుకూ ఆ చేతికి తగిలి కొంచెం కొంచెం లోపలికి జారుతుంది. కాసేపటికి చేతి కింద తోపు ఆగిపోతుంది. ముద్ద తిరుగుతూనే ఉంటుంది కానీ చూడటానికి నిలిచిపోయినట్టు ఉంటుంది. ఆ క్షణాన కొత్తవాళ్ల మొహంలో వచ్చే వెలుగు చూసి తీరాలి!

ఆ తర్వాత బొటనవేళ్లు మధ్యలోకి దిగుతాయి, గుంట పడుతుంది. లోపల ఒక చేతి వేళ్లు, బయట ఇంకో చేతి వేళ్లు పెట్టి అడుగు నుంచి పైకి లాగితే గోడ లేస్తుంది. గోడ మందం కంటికి కనిపించదు. లోపలి వేలికీ బయటి వేలికీ మధ్య ఎంత మన్ను ఉందో స్పర్శే చెప్పాలి. ఈ లోపు కర్రతో తిప్పి వదిలిన పాత కాలపు సారె మెల్లమెల్లగా నెమ్మదిస్తూ ఉంటుంది. అది లోపమని అనుకుంటాం కానీ పనికి సరిగ్గా సరిపోయే ఏర్పాటు. ముద్దను మధ్యకు తేవడానికి వేగం కావాలి, అప్పుడు సారె జోరుగానే తిరుగుతుంది. గోడ లేచి నోరు విచ్చుకున్నాక వేగం తగ్గాలి. తిరిగే వస్తువును బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం సగానికి పడితే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. మెత్తటి అంచు చెదరకుండా నిలిచేది ఆ దయ వల్లే. కరెంటు సారె మీద ఈ వేగాన్ని కాలితో అదుపు చేసుకోవాలి. అయినా నడుము వంచి కర్రతో తిప్పే కష్టం తప్పింది, అది పెద్ద మేలు.

నీళ్ల కుండ సారె మీదే పూర్తవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. సారె నుంచి దించేటప్పుడు దాని గోడ మందంగా ఉంటుంది, అడుగు ఇంకా రూపు దిద్దుకోదు. సగం ఆరాక లోపల నున్నటి రాయి ఆనించి, బయట చదునైన చెక్కతో తడుతూ తిప్పుతారు. గోడ పలచబడి సాగుతుంది, అడుగు గుండ్రంగా మూసుకుంటుంది. ఈ దెబ్బలకు బంక పలకలన్నీ గోడకు సమాంతరంగా సర్దుకుని బిగుస్తాయి. కుండ అంత పలచగా ఉండి కూడా అంత బరువు మోసేది దీనివల్లే. గుండ్రటి అడుగులో మూలలు ఉండవు. మూలలున్న చోటే వేడి హెచ్చుతగ్గులు ఒత్తిడి పెంచి పగులగొడతాయి. పొయ్యి మీద పెట్టే చట్టికి ఆ ఆకారం ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంత పని చేస్తున్న చేతిలో ఏముంది? 1970లలో స్వీడన్‌కు చెందిన యొహాన్సన్, వాల్‌బో మనిషి చేతి నరాల మీద పరిశోధన చేసి, ఒక్క చేతి లోపలి చర్మానికే దాదాపు 17,000 స్పర్శ నాడీ తంతువులు ఉన్నాయని అంచనా కట్టారు. వాటిలో కొన్ని ఒత్తిడిని, కొన్ని జారుడును, కొన్ని కంపనాన్ని, కొన్ని చర్మం సాగడాన్ని పట్టుకుంటాయి. స్వీడన్‌లోనే 2013లో వెలువడిన మరో పరిశోధనలో, వేలితో నిమిరినప్పుడు 13 నానోమీటర్ల ఎత్తున్న గీతల్ని కూడా జనం గుర్తించగలిగారు. మెదడులో స్పర్శకు కేటాయించిన పట్టీలో చేతులూ పెదవులే పెద్ద భాగం ఆక్రమిస్తాయి. రోజంతా నున్నటి గాజు తెర మీద వేలు జార్చే మనకు ఈ ఏర్పాటంతా పని లేక పడి ఉంటుంది. తడి మన్ను దానికి ఒకేసారి పని పెడుతుంది. చల్లదనం, జారుడు, బరువు, ఒరుగు, అన్నీ ఒక్కసారే తెలియాలి. ఆ సమయంలో వేరే ఆలోచనకు మెదడులో చోటు మిగలదు. మన్ను పట్టుకుంటే టైము తెలియకపోవడం ఇందుకే కావచ్చు.

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 39 మంది పెద్దవాళ్లకు మన్ను, రంగు పెన్నులు, కాగితం ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు శరీరం విడుదల చేసే హార్మోన్ అది. దాదాపు నాలుగింట మూడొంతుల మందిలో తగ్గింది. ఇంతకు ముందు కళతో పరిచయం ఉన్నా లేకున్నా ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. ఇది చిన్న పరిశోధన, పోల్చి చూడటానికి వేరే బృందాన్ని పెట్టలేదు కాబట్టి మన్ను ముట్టుకుంటే రోగాలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. చేతకానివాళ్లకు కూడా ఇందులో చోటు ఉందన్న మాట మాత్రం నాకు విలువైనదిగా తోస్తుంది.

చేసిన కుండ ఆరాలి. తొందరపడితే మొదటికే మోసం. నీటి పొరలు పోతున్న కొద్దీ పలకలు దగ్గరికి జరుగుతాయి, కుండ చిన్నదవుతుంది. ఆరి, కాలి బయటికి వచ్చేసరికి పదో వంతు దాకా కుంచించుకుపోవచ్చు. అంచు ముందు ఆరి అడుగు తడిగా ఉంటే, ఒకటి లాగుతుంది ఇంకొకటి రాదు, నడుమ నెర్రె పడుతుంది. అందుకే నీడలో, తడి గుడ్డ కప్పి, తిప్పి తిప్పి ఆరబెడతారు. పూర్తిగా ఆరిందో లేదో చూడాలంటే చెంపకు ఆనించుకోవాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది, అది ఆవిరవుతూ చెంప నుంచి వేడి లాక్కుంటోంది.

ఆ నీరు ఉండగానే నిప్పులో పెడితే పేలిపోతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్ల చోటు కావాలి, సన్నటి రంధ్రాల్లోంచి అంత ఆవిరి ఒక్కసారి బయటికి రాలేదు. దీన్ని కావాలనే చేసినవాళ్లు ఉండవచ్చంటే నమ్ముతారా? ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో దోల్ని వెస్తోనిత్సె అనే చోట 25,000 ఏళ్లకు పైబడిన మట్టిబొమ్మల ముక్కలు వేలల్లో దొరికాయి. ఆ ముక్కల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 1989లో ఒక వాదన ముందుకు తెచ్చారు. తడి బొమ్మల్ని నిప్పులో వేసి పేల్చడమే ఆ మనుషుల ఉద్దేశం కావచ్చునని. అక్కడే దొరికిన 11 సెంటీమీటర్ల స్త్రీమూర్తి మీద ఒక పిల్లవాడిదో పిల్లదో వేలిముద్ర ఉంది. మనకు తెలిసినంతలో మనిషి కాల్చిన తొలి మన్నులో వంటపాత్ర లేదు, బొమ్మలే ఉన్నాయి. వంట కోసం, నిల్వ కోసం కుండ తర్వాత వచ్చింది. చైనాలోని షియన్‌రెన్ గుహలో దొరికిన కుండ పెంకుల వయసు దాదాపు 20,000 ఏళ్లు, అంటే వ్యవసాయం కన్నా చాలా పాతవి. మన్నుకు రూపునిచ్చే సరదా అవసరం కన్నా ముందుదని నేను అనడానికి ఆధారం ఇదే.

ఇప్పుడు కుండలు కాల్చే ఆవంలో ఏం జరుగుతుందో చూద్దాం. నిప్పు మొదట మెల్లగా రాజుకోవాలి, మిగిలిన తడి పోవాలి. 450 డిగ్రీల సెల్సియస్ దాటాక అసలు మార్పు మొదలవుతుంది. మన్ను ఖనిజం నిర్మాణంలోనే కట్టుబడి ఉన్న నీరు ఊడి వెళ్లిపోతుంది. స్వచ్ఛమైన కయొలినైట్ అయితే తూకంలో దాదాపు 14 శాతం ఇలా పోతుంది. అక్కడితో మన్ను మన్నుగా ఉండదు. ఇక ఎన్నాళ్లు నానబెట్టినా మెత్తబడదు. అంతకు ముందు దశ దాకా ఎన్ని తప్పులు చేసినా నీళ్లలో వేసి మళ్లీ ముద్ద చేసుకోవచ్చు. 573 డిగ్రీల దగ్గర మన్నులోని ఇసుక, అంటే క్వార్ట్‌జ్, తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట కుదించుకుంటుంది. కాలిన ఆవాన్ని తొందరపడి విప్పితే కుండలు చిట్లడానికి ఇదొక పెద్ద కారణం. 700 నుంచి 900 డిగ్రీల మధ్య రేణువుల అంచులు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఊరి ఆవాలు సాధారణంగా ఈ మేర వేడి దాకానే వెళతాయి. మన్నులో సున్నపురాయి ముక్క ఉండిపోతే అది ఈ వేడికి కాల్చిన సున్నమవుతుంది. కుండ బాగానే వచ్చిందనుకుంటాం. కొన్ని రోజులకు గాలిలోని తేమ పీల్చుకుని సున్నం ఉబ్బి, గోడ మీద పెచ్చు ఎగిరిపోతుంది.

రంగు కూడా నిప్పే వేస్తుంది. గాలి బాగా ఆడితే మన్నులోని ఇనుము ఆక్సిజన్ నిండా పుచ్చుకుని ఎర్రబడుతుంది. గాలి మూసి పొగపెడితే ఆ ఇనుమే నల్లబడుతుంది, మసి కూడా రంధ్రాల్లో చేరుతుంది. తెలంగాణ, ఆంధ్ర, రాయలసీమల్లో బృహత్‌శిలా సమాధుల నుంచి బయటపడే నలుపు-ఎరుపు పాత్రలు ఈ రెండింటినీ ఒకే కుండలో చూపిస్తాయి. లోపలా మూతి దగ్గరా నలుపు, బయట ఎరుపు. కుండను బోర్లించి, గాలి తగలని లోపలి భాగాన్ని నల్లగానూ, గాలి తగిలే వెలుపలి భాగాన్ని ఎర్రగానూ కాల్చి ఉంటారని పరిశోధకుల వివరణ. రసాయనశాస్త్రం పేరు వినకుండా, ఒక్క మంటతో రెండు రసాయన చర్యలు నడిపిన ఆ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

కాలిన కుండ గోడ నిండా సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వేసవిలో మనకు పనికొచ్చేవి అవే. నీరు వాటిగుండా చెమర్చి ఆవిరవుతుంది. నీరు ఆవిరవాలంటే చాలా వేడి కావాలి, దాన్ని కుండలోని నీటి నుంచే లాక్కుంటుంది కనుక, పది లీటర్ల కుండలో 100 మిల్లీలీటర్లు ఆవిరైతే మిగతా నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి లోపలికి వస్తూ ఉంటుంది కాబట్టి ఈ లెక్క పూర్తిగా నిలవదు. ఎంత వరకు చల్లబడగలదో నిర్ణయించేది గాలిలోని తేమ. 42 డిగ్రీల ఎండలో తేమ 15 శాతమే ఉంటే, లెక్క ప్రకారం నీరు 22 డిగ్రీల దాపుకు దిగవచ్చు. 36 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే 31 దగ్గరే ఆగిపోతుంది. అనంతపురంలో కుండ నీళ్లు పళ్లు జివ్వుమనిపిస్తే విశాఖలో ఒక మోస్తరుగా ఉండటంలో కుమ్మరి తప్పేం లేదు. ఉప్పు నీళ్లు పోస్తే లవణాలు రంధ్రాల్ని పూడ్చేస్తాయి. కుండను పీచుతో రుద్ది కడగాలి, సబ్బు వాడకూడదు. రంగు పూసి మెరిపించిన కుండ కొనకండి, ఆ రంగు రంధ్రాల్ని మూసేస్తుంది.

మట్టిపాత్ర చేసినవాళ్ల వేలిముద్రల్ని కూడా దాచిపెడుతుంది. అమెరికాలోని చాకో కాన్యన్ ప్రాంతపు వెయ్యేళ్ల నాటి పెంకుల మీద గీతల వెడల్పు కొలిచి, కుండలు చేసింది ఆడవాళ్లే అన్న పాత అభిప్రాయం సరికాదని, మగవాళ్లు కూడా చేశారని 2019లో తేల్చారు. మన దగ్గర మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరులో కొత్త రాతియుగపు పశుపాలకులు విడిచిన బూడిద దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్వారు. ఆ కాలపు కుండలు చాలావరకు సారె లేకుండా చేత్తో మలచినవే. అంటే మీరు ఇంట్లో సారె లేకుండా మొదలుపెట్టినా చాలా పాత దారిలోనే ఉన్నట్టు.

మొదలుపెట్టడం కష్టం కాదు. నిమ్మకాయంత మన్ను ముద్ద అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు మధ్యలో దించి, వేళ్లతో నొక్కుతూ తిప్పుకుంటూ పోండి. ప్రమిద తయారవుతుంది. మొదటిది వంకరగానే వస్తుంది, రానివ్వండి. అంచు పగిలితే తడి వేలితో రుద్దండి. పిల్లల చేతికి ఇస్తే వాళ్లకు మీరేమీ నేర్పనక్కర్లేదు. ఒక వారం నీడలో ఆరనివ్వండి. ఇంట్లో స్టవ్ మీద కాల్చే ప్రయత్నం చేయకండి, పేలితే ముక్కలు కంట్లో పడతాయి.

మన్ను ఎక్కడ దొరుకుతుందంటే, మీ ఊరి కుమ్మరి దగ్గర. చెరువులు పూడి, ప్లాట్లుగా మారి, ఆ మన్ను తెచ్చుకోవడమే వాళ్లకు గగనమైపోతోంది, కాబట్టి ఊరికే అడగకండి. డబ్బిచ్చి రెండు కిలోలు కొనుక్కోండి. ఎలా పిసకాలో అడిగి, వాళ్లు చూపించినంతసేపు పక్కన కూర్చుని చూడండి. మీ ప్రమిదలు ఆరాక తర్వాతి ఆవంలో ఒక మూల పెట్టమని కోరండి, కాల్చినందుకు కూడా డబ్బివ్వండి.